రేణిగుంట నుంచి మీనంబాకం దాకా

నిన్న మధ్యాహ్నం మా ట్రావెల్స్ ఆఫీసు అద్దం తలుపు తెరుచుకోగానే చందనం వాసన గుప్పుమంది. కొండ మీద తలనీలాలిచ్చి, గుండ్ల మీద చందనం ఆరకముందే దిగివచ్చిన ఒక కుటుంబం. ఇంటిపెద్ద తన ఫోను నా ముందుకు తోశాడు. తెర మీద రెండు చుక్కలు, వాటి మధ్య ఒక నీలం గీత. ఒక చుక్క రేణిగుంట విమానాశ్రయం, రెండోది చెన్నైలోని మీనంబాకం విమానాశ్రయం. రెండు గంటల యాభై నిమిషాలని చూపిస్తోంది, కరెక్టేనా మేడం అని అడిగాడు. చిన్న ప్రశ్న. అవుననో కాదనో చెప్పి పంపించవచ్చు. కానీ ఆ రెండు ఊళ్ళ పేర్లు ఒకేసారి చెవిన పడితే నాకు కుర్చీలో కుదురుగా కూర్చోవడం చేతకాదు. బల్ల కింద కాలు ఊగడం మొదలవుతుంది, చూపు గోడ గడియారం మీదికి పోతుంది. మీలో పెద్దవాళ్ళు ఉన్నారా, చంటిపిల్లలు ఉన్నారా, రేపు గది ఎన్నింటికి ఖాళీ చేస్తారు అని నేను వరసపెట్టి అడుగుతుంటే ఆయన నన్ను కాస్త వింతగా చూశాడు. ఆ ప్రశ్నలు నావి కావు, మునిరత్నం గారివి.

మునిరత్నం గారు ఎవరో తిరుపతి దాటితే ఎవరికీ తెలియదు. తిరుపతిలోనూ అందరికీ తెలియదు. బస్టాండు వెనక సందులో ఒక లాడ్జీ కింద రెండు షట్టర్లుండేవి. ఒకదాంట్లో టీ అంగడి, రెండోదాంట్లో ఆయన ట్రావెల్స్. నాలుగు కార్లు, ముగ్గురు డ్రైవర్లు, ఒక ఫోను. అంతకుముందు ఇరవై ఏళ్ళకు పైగా బస్సు కండక్టరుగా పనిచేసి, మోకాళ్ళు నిలబడనివ్వక మానుకున్న మనిషి. పొట్టిగా ఉండేవారు. చొక్కా జేబులో రెండు పెన్నులు, చంకలో ఒక పొడుగాటి పుస్తకం. గొంతు పెంచి మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. నేనేమో ఆయనకు పూర్తిగా విరుద్ధం. గణితంలో ఎమ్మెస్సీ చదివి, ఉద్యోగం దొరక్క, దొరకనందుకు లోకమంతటి మీదా కోపంగా ఉన్న రోజులవి. పాలు పొంగేదాకా పొయ్యి దగ్గర నిలబడలేదు, దీన్ని ఎవడు భరిస్తాడో అని మా అమ్మ రోజూ దిగులుపడేది.

ఆయన దగ్గర పని అడగడానికి వెళ్ళిన రోజు నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. రేణిగుంట ఎయిర్‌పోర్టుకూ మీనంబాకం ఎయిర్‌పోర్టుకూ ఎంత దూరం? కొండకు వచ్చేవాళ్ళు చాలామంది ఇక్కడ దిగి అక్కడ ఎక్కుతారు, లేదంటే అక్కడ దిగి ఇక్కడ ఎక్కుతారు కాబట్టి ఆ ఆఫీసుకు వచ్చే ఫోన్లలో సగం ఈ ప్రశ్న మీదే. నాకు మహా ఉత్సాహం వచ్చేసింది. రెండు చోట్ల అక్షాంశాలూ రేఖాంశాలూ ఫోనులో చూసి, కాగితం మీద చకచకా లెక్క వేసి, వంద కిలోమీటర్లకు కాస్త తక్కువ అని చెప్పాను. ఆయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"లెక్క బాగుండాది పాపా. ఏదన్నా కాకి వచ్చి అడిగితే ఇదే సెప్పు. మనుషులు అడిగితే మాత్రం రేపు పొద్దున రా, సెప్తా."

మర్నాడు పొద్దున కారు వెనక సీట్లో నన్నూ, నా పక్కన వాళ్ళ పెద్దత్తనూ కూర్చోబెట్టారు. ఆవిడకు డెబ్బై దాటాయి. మాకు ఏ పనీ లేదు. రేణిగుంటలో విమానం దిగినవాళ్ళలాగా అక్కడ కారెక్కి, మీనంబాకం దాకా పోయి, తిరిగి రావాలి. దారిలో ఎక్కడెక్కడ ఆగామో, ఎందుకు ఆగామో నేను రాయాలి. ఆ ఆఫీసు పద్ధతే అది. ఒక దారికి ఎంతసేపు పడుతుందో చెప్పాలంటే చెప్పే మనిషి ఆ దారిలో పోయి ఉండాలి, అదీ డ్రైవరు పక్కన దర్జాగా కాదు, వెనక సీట్లో. ఆయన పుస్తకంలో ప్రతి దారికీ మూడు గడులుండేవి. ముసలివాళ్ళతో పోతే పట్టే సమయం, పిల్లలతో పోతే పట్టే సమయం, ఒంటిమనిషికి పట్టే సమయం. కారు కదిలినప్పటి నుంచి కాదు, ఇంటి దగ్గరో లాడ్జీ దగ్గరో కాలు లేచినప్పటి నుంచి, చేరవలసిన చోట కాలు ఆనేదాకా కొలవాలి.

ఆ పెద్దత్త నన్ను ఆ రోజు నానా తిప్పలు పెట్టింది. వడమాలపేట దాటకముందే ఒకసారి దిగాలంది. పుత్తూరులో ఎముకలు కట్టేవాళ్ళ దగ్గర చేతికీ కాలికీ కట్లు కట్టించుకున్నవాళ్ళు రోడ్డు దాటుతుంటే డ్రైవరు బాషా కారు ఆపేసి, హారను మీద చెయ్యి కూడా వేయలేదు. కట్టు కట్టించుకున్న మనిషి ఉలిక్కిపడితే కట్టు కదులుతుందని మునిరత్నం గారు చెప్పి ఉంచారట. నేను బుసలు కొడుతూ పుత్తూరు, తొమ్మిది నిమిషాలు అని రాసుకున్నాను. నగరి దాటాక ఆవిడకు అరటిపళ్ళు కావాలనిపించింది. తమిళనాడులోకి పోయాక పూందమల్లి దగ్గర ట్రాఫిక్కులో ఆవిడ హాయిగా నిద్రపోతే నేను కూర్చున్నచోటే పరుగెత్తాను. మొత్తం నాలుగు గంటలు. ఆఫీసుకు తిరిగొచ్చి, ఈ లెక్క ఏ మాత్రం పనికిరాదని, ప్రతి ముసలావిడా అరటిపళ్ళు అడగదని వాదించాను. అరటిపళ్ళు కాకుంటే ఇంకోటి అడుగుతుంది, అడగందే పోదు అన్నారాయన. మరుసటి నెలలోనే అది నిజమని నాకే తెలిసొచ్చింది. మేము చెప్పిన సమయానికి మనుషులు చేరేవారు. పక్క ట్రావెల్స్‌వాళ్ళు ఫోను చూసి చెప్పిన సమయానికి చేరేవారు కాదు.

అన్నీ ఒప్పుకున్నాను కానీ ఒక్కటి మాత్రం నాకు గొంతు దిగేది కాదు. రాహుకాలం. మా వైపు పల్లెల్లో ప్రయాణానికి గడప దాటాలంటే రాహుకాలం చూసుకోనివాళ్ళు తక్కువ. రోజుకొక వేళకు వచ్చే ఆ గంటన్నరను మునిరత్నం గారు పుస్తకం అట్ట లోపల రాసిపెట్టుకుని, విమానం సమయం నుంచి వెనక్కి లెక్కపెట్టేటప్పుడు అది కూడా చూసేవారు. బయలుదేరే వేళ రాహుకాలంలో పడితే, అది మొదలయ్యేలోపే కారు పంపేవారు. డ్రైవరు వెళ్ళి ఒక సంచి తీసుకుని డిక్కీలో పెడతాడు. దాన్ని పరస్థానం అంటారు. మంచి వేళలో మన వస్తువు ఒకటి గడప దాటితే మనమూ బయలుదేరినట్టే లెక్క. తర్వాత మనిషి ఎప్పుడు వచ్చి ఎక్కినా ఫరవాలేదు. మీరు ఇదంతా నమ్ముతారా సార్ అని అడిగాను, కొంచెం వెటకారంగానే. ఆయనకు నా వెటకారం తెలుసు, కానీ పట్టించుకోలేదు. "నేను నమ్మేది లేంది ఎవురు అడిగినారు పాపా? ఆయమ్మ నమ్మతాది. నమ్మేంతసేపు గడప దాటదు. ఆ గంటన్నర కూడా దావే అనుకో" అన్నారు. నేను తల ఊపాను. మనసులో మాత్రం చదువుకున్నదాన్ని నేనే అనుకున్నాను.

కుమారి సంగతి ఇక్కడ చెప్పాలి. పూతలపట్టు దగ్గర పల్లె ఆమెది. భర్త లేడు. ఇంటి పనికి కువైట్ వీసా వచ్చింది. ఒకసారి ఏజెంటు మోసం చేసి, రెండోసారి మెడికల్‌లో ఆగి, మూడోసారికి చేతికందిన వీసా అది. ఆ శనివారంతో దాని గడువు అయిపోతుంది, ఆలోపే కువైట్‌లో దిగాలి. శుక్రవారం పొద్దున రేణిగుంటలో విమానమెక్కి, హైదరాబాదులో మారి వెళ్ళాలి. మా బాషానే ఆమెనూ, సాగనంపడానికి వచ్చిన వాళ్ళమ్మనూ ఎనిమిదిన్నరకల్లా రేణిగుంటలో దింపాడు. తొమ్మిదిన్నర దాటాక ఆ విమానం లేదన్నారు. ఏజెంటు ఎలాగో చెన్నై నుంచి సాయంత్రం నాలుగు గంటల విమానానికి సీటు సంపాదించాడు. మూడు గంటలకు కౌంటరు మూసేస్తారు. ఇక్కడి నుంచి అక్కడికి చేరగలరా అని మా ఆఫీసుకు ఫోను చేశాడు.

మునిరత్నం గారు పర్మిట్ పని మీద బయటికి పోయి ఉన్నారు. పుస్తకం తెరిచాను. ముసలావిడ చెన్నై దాకా వస్తానన్నా, మధ్యలో ఆగకుండా పోతే మూడున్నర గంటలు. పదీ నలభైఐదుకు కదిలినా రెండుంబావుకు అక్కడుంటారు. చేరిపోతారని గట్టిగా చెప్పాను. బాషా ఇంకా రేణిగుంటలోనే ఉన్నాడు. అతనికి ఫోను చేసి విషయం చెప్పాను. శుక్రవారం పదిన్నరకు రాహుకాలం మొదలవుతుందని నాకు గుర్తే రాలేదు. అతనికి గుర్తొచ్చింది. పదిన్నరకు రెండు నిమిషాల ముందే పెద్దావిడ చేతిలోని సంచి తీసి డిక్కీలో పెట్టాడు. రద్దయిన టికెట్టు మీద ఏదో రాయించుకురావాలని కుమారి లోపలికి పోయింది.

పదీ నలభైకి నేను మళ్ళీ ఫోను చేశాను. ఇంకా కదల్లేదు. బాషా పెట్టెను కారు పైన కడుతున్నాడు కాబట్టి ఫోను స్పీకరులో పెట్టి బానెట్ మీద ఉంచాడు. అది నాకు తెలియదు. కుమారి ఇంకా రాలేదు, రాహుకాలం కదా అని పెద్దామె కొంచెం వెనకాడుతోంది, సంచి పెట్టేశాను కాబట్టి ఎక్కుతుందిలే అన్నాడు. ఎక్కుతుందిలే అన్న మాట నాకు వినపడలేదు. రాహుకాలం అన్నదే వినపడింది. నా కళ్ళు గడియారం మీదున్నాయి.

"అరబ్బోళ్ళ ఇంట్లో గిన్నెలు తోమే పనికి కూడా రాహుకాలం చూడాల్నా?" అన్నాను.

తర్వాత ఆ తల్లి గొంతు, దూరం నుంచి, చాలా మెల్లగా వినిపించింది. "సంచి దించు నాయనా." అంతే. ఆమె సంచి తీసుకుని పోయి ఎయిర్‌పోర్టు బయట గట్టు మీద కూర్చుంది. లోపలి నుంచి వచ్చిన కూతురు ఎంత బతిమాలినా రాహుకాలం పోనీ అన్నదే తప్ప వేరే మాట అనలేదు. అమ్మను అక్కడ ఒంటరిగా వదిలి కారెక్కడానికి కూతురికి కాళ్ళు రాలేదు. తాను విన్నది కూతురి చెవిన పడకూడదని ఆమె పట్టుదల. బాషాకు కూడా కళ్ళతోనే చెప్పిందట, నోరెత్తొద్దని.

మునిరత్నం గారు వచ్చేసరికి పదకొండయింది. నేను జరిగింది చెప్పాను, నా మాటతో సహా. ఆ నిజాయితీ ఒక్కటి నాకు ఉండేది. ఆయన నన్ను కారెక్కమన్నారు. రేణిగుంట చేరేసరికి పదకొండున్నర దాటింది. ఆయన మోకాళ్ళు వంగవు. అయినా ఆ గట్టు ముందు నేల మీద కూర్చున్నారు. ఆ తల్లికి మాత్రమే వినబడేట్టు ఏదో చెప్పారు. నాకు చివరి మాటలే వినిపించాయి. "తప్పు మాది తల్లీ. బిడ్డ ఏం చేసె?" ఆమె ఆయన ముఖంలోకి చూసింది, నా వైపు చూడలేదు. లేచి సంచి తనే డిక్కీలో పెట్టుకుంది. రాహుకాలం అయిపోవడానికి ఇంకా ఇరవై నిమిషాలుంది. అది చూసినప్పుడే నాకు అర్థమైంది, ఆమెను ఆపింది రాహుకాలం కాదని.

ఆయన నన్ను ముందు సీట్లో కూర్చోబెట్టి పంపారు. బాషా ఎక్కడా తప్పు తోలలేదు. రైల్వే గేటు లేదు, వాన లేదు, పుత్తూరులో రోడ్డు దాటేవాళ్ళు కూడా లేరు. నేను నిమిషానికొకసారి గడియారం చూస్తూ, మిగిలిన కిలోమీటర్లను మిగిలిన నిమిషాలతో భాగిస్తూ కూర్చున్నాను. ఎన్నిసార్లు భాగించినా పది నిమిషాలు తక్కువే వచ్చేది. తిరుత్తణి దాటాక వెనక సీట్లో కుమారి వాళ్ళమ్మతో, నీ రాహుకాలం నా బతుకును మింగేసిందమ్మా అంది. తల్లి కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉంది. ముందు సీట్లో నేనున్నాను. నోరు తెరిస్తే ఒక్క నిమిషం పని. తెరవలేదు.

మూడూ పదికి చేరాం. కౌంటరులో దీపాలు వెలుగుతున్నాయి కానీ మనిషి లేడు. కుమారి అటు పరుగెత్తి, ఇటు పరుగెత్తి, ఎవరెవరినో అడిగి, వీసా గడువులోపు ఇంకే విమానంలోనూ సీటు లేదని తెలిసి, చివరికి తన పెట్టె మీదనే కూర్చుండిపోయింది. నేను పక్కన నిలబడ్డాను. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఆమె నన్ను చూసి, "నువ్వు సరిగ్గానే సెప్పినావు మా. మూడున్నర గంటే పట్టె" అంది.

మరుసటి రోజు ఆఫీసులో మునిరత్నం గారు పుస్తకం తెరిచి నా ముందు పెట్టారు. పదీ నలభైఐదు నుంచి పదకొండూ నలభై దాకా యాభైఐదు నిమిషాలు. పక్కన ఇంకేమీ రాయలేదు. అవి ఎవరివో ఆ అమ్మాయికి తెలియదు, వాళ్ళమ్మవి అనుకుంటోంది, నువ్వు పోయి చెప్పాలి అన్నారు. మీరే చెప్పండి సార్ అన్నాను. ఉద్యోగం మానేస్తాను అన్నాను. ఏజెంటుతో మాట్లాడి ఇంకో వీసాకు నేనే తిరుగుతాను అన్నాను. అన్నీ విన్నారు. "అవన్నీ చెయ్. నేను పోతే పూతలపట్టుకు గంటంబావు. నువ్వు పోతే ఎంతసేపు పడతాదో రాసుకోని రా" అన్నారు. అంతకు మించి ఆ విషయం మళ్ళీ ఎత్తలేదు. రోజూ పొద్దున నేను రాగానే తల ఎత్తి చూసేవారు, అంతే.

క్షమాపణ చెప్పడమొక్కటే అయితే పోయేదాన్నేమో. చెప్పాలంటే నేనన్న మాటను నా నోటితోనే మళ్ళీ ఆ పిల్ల ముందు అనాలి. ఏ మాటను దాచడానికి ఆ తల్లి కూతురి కోపం మోస్తోందో ఆ మాటనే. ఒకరోజు చిత్తూరు బస్సెక్కి చంద్రగిరిలో దిగిపోయాను. ఇంకోరోజు పూతలపట్టు కూడలి దాకా పోయి, అక్కడ నిలబడి మజ్జిగ తాగి, ఎదురుగా వచ్చిన తిరుపతి బస్సెక్కేశాను. రాత్రిళ్ళు నిద్ర పట్టక, పొద్దున ఎవరు ఫోను చేసినా తడబడుతూ, నేను చెప్పే సమయాల మీద నాకే నమ్మకం లేకుండా గడిపాను. కాలు కాలిన పిల్లిలాగా తిరుగుతున్నావేంటే అని అమ్మ అడిగితే ఆమె మీద కూడా విరుచుకుపడ్డాను.

చివరికి వెళ్ళాను. ఇంటి ముందు తల్లి చింతపండు గింజలు తీస్తోంది. కుమారి లోపల ఉంది. ఇద్దరికీ మాటల్లేవని పక్కింటావిడ దారిలోనే చెప్పింది. నన్ను చూడగానే తల్లి గుర్తుపట్టి, చేయి ఊపి, వద్దు, పో అన్నట్టు సైగ చేసింది. ఒక్క క్షణం దాన్నే సాకు చేసుకుని తిరిగిపోదామనిపించింది. ఇంతలో కుమారి బయటికి వచ్చింది. నేను నిలబడే చెప్పాను. ఆ రోజు మీ అమ్మ ఎక్కబోయింది, నేను ఫోనులో ఇలా అన్నాను, అది ఆమె వినింది, అందుకే సంచి దించేసింది, రాహుకాలం కారణం కాదు అని. అన్న మాటను అన్నట్టే చెప్పాను, మెత్తగా చేయలేదు. చెబుతుంటే తల్లి రెండు చేతులతో ముఖం కప్పుకుంది.

కుమారి నన్ను తిట్టలేదు, క్షమించాననీ అనలేదు. నేను ఉన్నాననే మరిచిపోయినట్టు పోయి వాళ్ళమ్మ పక్కన కూర్చుని, చాట తన వైపు లాక్కుని, గింజలు తీయడం మొదలుపెట్టింది. కొంతసేపటికి, "యాలమ్మా సెప్పలేదు నాకు?" అని అడిగింది. తల్లి ముఖం మీంచి చేతులు తీయకుండానే, "ఆ మాట నీకెట్ల సెప్పేది?" అంది. నేను వచ్చిన దారినే కూడలికి నడిచాను.

ఆఫీసుకు వచ్చి పుస్తకం తీశాను. తిరుపతి నుంచి కుమారి వాళ్ళ గడప దాకా పదకొండు రోజులు అని రాశాను. మునిరత్నం గారు కళ్ళద్దాలు పెట్టుకుని చదివారు. ఏం జరిగిందని అడగలేదు. పోయినావు కదా, సాలు అన్నారు. ఆ సాయంత్రం నుంచే కుమారికి ఇంకో వీసా కోసం ఇద్దరం ఏజెంట్ల చుట్టూ తిరిగాం. అది రావడానికి చాలా నెలలు పట్టింది, జీతం మొదటిదానికంటే తక్కువ. ఆ సారి ఆమె మా కారు పిలవలేదు. అది ఆమె ఇష్టం, నేను తప్పుపట్టను.

మునిరత్నం గారు పోయి రెండేళ్ళయింది. ఆఫీసు ఇప్పుడు నేనే చూసుకుంటున్నాను. ఆయన దగ్గర ఉండి నేను శాంతమూర్తినైపోయానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. నాకు ఇప్పటికీ ఓపిక లేదు. నోరు జారుతూనే ఉంటాను, డ్రైవర్ల మీద, మా ఆయన మీద, ఫోనులో అవతలివాళ్ళ మీద. జారిన ప్రతిసారీ ఆ మనిషి ముందుకు నేనే పోయి, అన్న మాట నేనే మళ్ళీ అని, తప్పు నాదని చెబుతాను. మొదట్లో రోజులు పట్టేది, ఇప్పుడు చాలాసార్లు ఆ పూటే పోతాను. గడప ముందు నిలబడ్డాక నోరు ఎండిపోవడం మాత్రం ఏమీ తగ్గలేదు.